తెల్లకణాలు తగ్గాయన్న కాగితం చేతికొచ్చినప్పుడు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్య పుటలో ఇటీవల తెల్ల రక్తకణాల తగ్గుదల గురించి వచ్చిన వ్యాసం చదివాను. దానిమ్మ, బొప్పాయి ఆకు రసం, వెల్లుల్లి, పెరుగు అంటూ తినవలసినవాటి చిట్టా అందులో సగం పుట ఆక్రమించింది. ఆ కణాలు అసలు ఎందుకు తగ్గుతాయన్న ప్రశ్నకు మాత్రం ఒకే ఒక్క వాక్యం దక్కింది: రోగనిరోధక శక్తి సన్నగిల్లడం వల్లనట. బావిలో నీళ్లెందుకు తగ్గాయని అడిగితే నీళ్లు తక్కువగా ఉండడం వల్ల అని చెప్పినట్టుంది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల ప్రయోగశాలల్లో రక్తం పరీక్షించి బతికినవాణ్ణి కాబట్టి, ఆ ఒక్క వాక్యం దాటవేసిన విషయాన్ని కొంత వివరంగా రాయాలనిపించింది. నేను వైద్యుణ్ణి కాను, మందు చెప్పేవాణ్ణీ కాను. అయితే ఆ సంఖ్యను కాగితం మీదికి ఎక్కించిన చేతులు నావి గనుక, దాని వెనుక ఏముంటుందో చెప్పే అర్హత కొంత ఉందనుకుంటాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో యంత్రాలు లేవు. 0.5 గీత దాకా రక్తం, 11 గీత దాకా ఎర్రకణాలను కరిగించే టర్క్ ద్రావణం పీల్చే గాజు పిపెట్టు ఉండేది. అలా ఇరవై రెట్లు పలచబడిన రక్తాన్ని న్యూబార్ చాంబర్ అనే గళ్ల పలక మీద వదిలి, సూక్ష్మదర్శిని కింద నాలుగు మూలల గడులలో కనిపించిన తెల్లకణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, వచ్చిన అంకెను 50తో హెచ్చవేసేవాళ్లం. గడులలో 80 కణాలు కనిపిస్తే ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో 4,000 ఉన్నట్టు. పెద్దవారిలో మామూలుగా ఉండవలసింది 4,000 నుంచి 11,000 వరకు కాబట్టి, 80కి లోపు వచ్చిన ప్రతిసారీ చాంబరు కడిగి మళ్లీ నింపి మళ్లీ లెక్కించమని మా సీనియరు గారు పట్టుబట్టేవారు. నేడు ఆ పని యంత్రం ఒక నిమిషంలో చేసి, తక్కువగా ఉన్న అంకె పక్కన ఒక గుర్తు కొట్టి ఊరుకుంటుంది. ఆ గుర్తు చూసి హడలిపోయేవారిని, అసలు పట్టించుకోనివారిని కూడా నేను సమానంగా చూశాను.

పాఠకులు ముందుగా గ్రహించవలసిన సంగతి ఏమిటంటే, మన వాళ్లు ‘టోటల్ కౌంట్’ అని పిలిచే ఆ అంకె ఒక జాతి కణాల లెక్క కాదు, ఐదు జాతుల మొత్తం. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, మోనోసైట్లు, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్ అనే ఈ ఐదింటిలో ఏది తగ్గిందన్నదాన్ని బట్టి కారణం మారుతుంది, ప్రమాదమూ మారుతుంది. బాక్టీరియా మీద, బూజు జాతుల మీద మొదట విరుచుకుపడేవి న్యూట్రోఫిల్స్ కనుక, వైద్యులు ప్రధానంగా చూసేది వాటి నికర సంఖ్యను. మొత్తం కణాలను, డిఫరెన్షియల్ కౌంట్ అనే పరీక్ష చెప్పే న్యూట్రోఫిల్స్ శాతంతో హెచ్చవేసి వందతో భాగిస్తే అది వస్తుంది. 1,500కు తగ్గితే తక్కువ, 1,000కి తగ్గితే ఒక మోస్తరు తక్కువ, 500కు తగ్గితే తీవ్రం. ఈ చిన్న లెక్క చేయకపోవడం వల్ల జరిగే పొరపాటు రెండు వైపులా ఉంటుంది. టోటల్ కౌంట్ 3,600 ఉండి అందులో న్యూట్రోఫిల్స్ 60 శాతం ఉన్న మనిషికి నికరంగా 2,160 ఉన్నట్టు, అతను ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు. టోటల్ కౌంట్ 5,200 ఉండి న్యూట్రోఫిల్స్ 12 శాతమే ఉన్న మనిషికి నికరంగా ఉన్నవి 624 మాత్రమే. కాని మొత్తం అంకె పక్కన యంత్రం ఏ గుర్తూ పెట్టదు గనుక, చూసినవారు ‘బాగానే ఉంది’ అని కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు.

ఇక కారణాల సంగతి. మన ప్రాంతాల్లో తెల్లకణాలు తగ్గినట్టు వచ్చే రిపోర్టుల్లో అత్యధికం వైరస్ జ్వరాలవే. ఫ్లూ, చికున్‌గున్యా, తట్టు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ వైరస్‌లు, కోవిడ్ వంటివన్నీ ఏదో ఒక మేరకు ఈ పని చేస్తాయి. కోవిడ్‌లో లింఫోసైట్లు పడిపోవడం ఎందరో రిపోర్టుల్లో చూసిందే. కొన్ని వైరస్‌లు ఎముక మూలుగలో కణాల తయారీని కొద్ది రోజులపాటు అణచివేస్తాయి. కొన్ని జ్వరాల్లో కణాలు రక్తనాళాల గోడలకు అంటుకుపోయి లెక్కకు దొరకవు. జ్వరం తగ్గాక, తరచుగా రెండు మూడు వారాల్లో, అవి తమంతట తామే కోలుకుంటాయి. ఆ రెండు మూడు వారాలూ తాగిన దానిమ్మ రసానికి ఆ ఘనత దక్కుతుంది. దానిమ్మ మంచి పండే, దాని మీద నాకు కోపం లేదు.

వానాకాలంలో డెంగీ విషయం మాత్రం విడిగా చెప్పాలి. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో నేడు ఆటో డ్రైవరు దగ్గర్నుంచి అందరికీ నోటికొస్తుంది, గంటగంటకూ ఫోన్లలో ఆ అంకె చేతులు మారుతుంది. అదే కాగితంలో రెండు వరుసల పైన ఉన్న టోటల్ కౌంట్‌ను ఎవరూ చూడరు. నిజానికి డెంగీలో చాలామందికి ప్లేట్‌లెట్లకన్నా ముందు పడిపోయేవి తెల్లకణాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలలో డెంగీని అనుమానించడానికి చెప్పిన లక్షణాల వరుసలో తెల్లకణాల తగ్గుదల కూడా ఉంది. మూడో రోజు జ్వరంతో వచ్చిన కుర్రవాడికి టోటల్ కౌంట్ 2,300, ప్లేట్‌లెట్లు 1,60,000 ఉన్నాయనుకోండి. ‘ప్లేట్‌లెట్లు బాగున్నాయిగా’ అని ఇంటికి తీసుకుపోతే, జ్వరం దిగే వేళ, అంటే రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయే ఆ కీలకమైన ఒకటి రెండు రోజుల్లో, ఆ కుటుంబం ఏమరుపాటుగా ఉంటుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండడం వంటివి కనిపిస్తే ప్లేట్‌లెట్లు ఎన్నున్నా ఆసుపత్రికి వెళ్లవలసిందే. తిరిగి కోలుకొనేటప్పుడు కూడా మొదట పైకి లేచేవి తరచుగా తెల్లకణాలే, ప్లేట్‌లెట్లు ఆ తర్వాత లేస్తాయి. వార్డులో అనుభవమున్న వైద్యులు ‘కౌంటు లేస్తోంది, ఇక పర్వాలేదు’ అనేది ఇది చూసే.

టైఫాయిడ్ మరో తమాషా జబ్బు. సాధారణంగా బాక్టీరియా ఒంట్లో చేరితే తెల్లకణాలు పెరగాలి, కాని టైఫాయిడ్‌లో తరచుగా మామూలుగా ఉంటాయి, లేదా తగ్గుతాయి, ఇసినోఫిల్స్ దాదాపు మాయమవుతాయి. పాతకాలపు వైద్యులు వారం రోజుల జ్వరానికి తగ్గిన టోటల్ కౌంట్ తోడైతే వైడాల్ అనే రక్తపరీక్ష ఫలితం రాకముందే టైఫాయిడ్ అని ఊహించేవారు. ఆ వైడాల్ పరీక్షను ఇప్పుడు మన ఊళ్లలో రెండో రోజు జ్వరానికే చేసేసి పాజిటివ్ అని రాసి పంపడం, రక్తంలోని బాక్టీరియాను పెంచి చూసే, అసలు నమ్మదగిన బ్లడ్ కల్చర్ జోలికి పోకపోవడం మరో ఉత్తరానికి సరిపడా విషయం. మలేరియా, ఒళ్లంతా పాకిన క్షయ, హెచ్‌ఐవీ కూడా తెల్లకణాలను తగ్గిస్తాయి. హెచ్‌ఐవీ ముఖ్యంగా కొల్లగొట్టేది లింఫోసైట్లలో సీడీ4 అనే రకాన్ని.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు ప్రేరణ ఈ జ్వరాలు కావు, మందులు. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, సుమారు పదిహేనేళ్ల కిందట థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేస్తోందని తేలి కార్బిమజోల్ మాత్రలు మొదలుపెట్టింది. గుండెదడ, చేతుల వణుకు తగ్గి, మనిషి కాస్త తేరుకుంది కూడా. ఆరో వారంలో గొంతునొప్పి, జ్వరం. ఊళ్లో సూదిమందు వేసే ఆయన మూడు రోజులు జ్వరం మందులూ యాంటీబయాటిక్ మాత్రలూ ఇచ్చాడు. నీరసమని ఇంట్లో రాగిజావ, దానిమ్మ రసం పట్టారు. థైరాయిడ్ మాత్ర మాత్రం క్రమం తప్పకుండా వేశారు, ఎందుకంటే ‘ఆ మాత్ర ఆపకూడదు’ అని చెప్పి పంపారు గాని, ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజున మింగుడు పడక, నోటినిండా పుండ్లతో పట్నం తీసుకొచ్చారు. ఓ ప్రైవేటు ల్యాబులో టోటల్ కౌంట్ 1,100 అని వచ్చింది. యంత్రం తప్పు చేసి ఉంటుందనే ఆశతో ఆ రక్తాన్ని నేను మా ప్రయోగశాలకు తెచ్చి పాత పద్ధతిలో చాంబరులో పోసి చూశాను. నాలుగు మూలలూ కలిపి 22 కణాలు. తర్వాత గాజుపలక మీద రక్తం పూతపెట్టి, లీష్మన్ రంగు వేసి చూశాను. మామూలు పలక మీద నూరు కణాలు లెక్కించడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ రోజు నూరు దొరకడానికి అరగంటకు పైగా పలక జరుపుతూనే ఉన్నాను. ఎటు జరిపినా గుండ్రటి నీలపు లింఫోసైట్లే. నూటికి నాలుగు న్యూట్రోఫిల్స్. అంటే నికరంగా 44.

దీన్ని అగ్రాన్యులోసైటోసిస్ అంటారు. కార్బిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్ వంటి థైరాయిడ్ మందులు వాడేవారిలో వెయ్యి మందికి ఇద్దరి నుంచి ఐదుగురి వరకు ఇది వస్తుంది, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. మందు మోతాదు ఎక్కువై జరిగేది కాదు. ఆ మనిషి శరీరం ఆ మందుకు ఎదురుతిరిగే తీరు అది. ముందు రోజు రక్తపరీక్ష మామూలుగా ఉన్నా వారం తిరిగేసరికి కణాలు అడుగంటవచ్చు కనుక, నెలనెలా రక్తపరీక్ష ఒక్కటే దీన్ని పట్టివ్వలేదు. జ్వరం, గొంతునొప్పి, నోటిపుండ్లలో ఏది వచ్చినా ఆ రోజే మాత్ర ఆపి, ఆ రోజే రక్తపరీక్ష చేయించడమే దారి. మా అక్కకు మాత్ర ఆపి, సెలైన్ ద్వారా యాంటీబయాటిక్స్ ఎక్కించి, మూలుగను ప్రేరేపించే జీసీఎస్ఎఫ్ ఇంజక్షన్లు చేశారు. తొమ్మిదో రోజు పలక మీద మోనోసైట్లు పెరిగి కనిపించాయి. మూలుగ మేలుకుంటున్నప్పుడు ముందు పంపే జవాన్లు వాళ్లే. ఆ మర్నాడు లేత న్యూట్రోఫిల్స్ వచ్చాయి. థైరాయిడ్‌కు తర్వాత రేడియో అయోడిన్ ఇచ్చారు. ఆ జాతి మాత్రలు ఇక ఆమె జీవితంలో ముట్టకూడదు. ఆ మందు చెడ్డదని నేను అనడం లేదు, లక్షల మందిని నిలబెట్టిన మందు అది. ఎర్రసిరాతో ఒక్క వాక్యం రాసి ఇవ్వనివారి మీదే నా ఫిర్యాదు. ఆ వైద్యుడి పేరుతో ఇక్కడ పని లేదు, ఎందుకంటే ఆ తర్వాత నేను అడిగి చూసిన చీటీల్లో చాలావాటిలో కూడా ఆ వాక్యం లేదు.

ఇలాంటి మందులు ఇంకా ఉన్నాయి. నొప్పికీ జ్వరానికీ ఒకప్పుడు మన ఇళ్లలో విరివిగా వాడిన అనాల్జిన్ ఈ కారణంగానే అనేక దేశాల్లో నిషేధానికి గురైంది. మన కేంద్ర ప్రభుత్వం 2013లో దాన్ని నిలిపివేసి, మరుసటి ఏడు షరతులతో తిరిగి అనుమతించింది. మానసిక వ్యాధికి ఇచ్చే క్లోజపైన్ 1975లో ఫిన్లాండ్‌లో తెల్లకణాలు పడిపోయి మరణాలకు కారణమై, చాలా చోట్ల మార్కెట్ నుంచి తప్పుకుంది. అయినా వేరే మందులకు లొంగని రోగులకు దానికి సాటి లేదు గనుక, 1989లో అమెరికాలో అనుమతి పొందినప్పుడు క్రమం తప్పని రక్తపరీక్ష అనే షరతుతో వచ్చింది. థైరాయిడ్ మాత్రలకు నేను కోరుతున్న జాగ్రత్తకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు: ప్రమాదం తెలిసిన మందును పారేయలేదు, దాని వెంట కాపలాను పంపారు. మూర్ఛ మందుల్లో కార్బమజెపైన్, ఫెనిటాయిన్, సల్ఫా మందుల్లో కోట్రైమాక్సజోల్, కీళ్లవాతానికీ పేగుపూతకూ ఇచ్చే సల్ఫసలజైన్, తలసీమియా పిల్లలకు ఇచ్చే డెఫెరిప్రోన్ కూడా ఈ కోవలోవే. రోగనిరోధక వ్యవస్థను అణచడానికి ఇచ్చే అజాథయోప్రిన్ విషయంలో ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవారికి మామూలు మోతాదే విషమవుతుంది. ఆ తేడా ఐరోపా వారికన్నా మన ఆసియా వారిలో ఎక్కువ.

కేన్సర్‌కు కీమోథెరపీ తీసుకొనేవారి సంగతి వేరు, అక్కడ తెల్లకణాలు తగ్గడం ఊహించని దుర్ఘటన కాదు, ముందే తెలిసిన దశ. మందు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా సాధారణంగా కణాలు అట్టడుగున ఉంటాయి. పట్నంలో మందు ఎక్కించుకొని పల్లెకు తిరిగివచ్చిన మనిషికి సరిగ్గా ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగడానికి వీల్లేదు. పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పడం అక్కడ పనికిరాదు.

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే అందులో మన తెలుగువాడి కథ కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధనల్లోంచే 1940లలో బీ జాతి విటమిన్ అయిన ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారై వచ్చింది. తన తోబుట్టువును స్ప్రూ అనే పేగుల వ్యాధికి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని అచ్చుగుద్దినట్టు పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్, దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా అనే రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, అప్పటిదాకా మందే లేని ఆ జబ్బును కొన్నాళ్లపాటైనా వెనక్కి నెట్టగలిగారు. మూలుగలో కణాలు పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని అడ్డుకుంటే పిచ్చిగా పెరుగుతున్న కణాలు ఆగుతాయి, మోతాదు తప్పితే మంచి కణాలూ ఆగుతాయి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. దాన్ని పొరపాటున రోజూ వేసుకొని, నోరు పూసి, కణాలన్నీ అడుగంటి ఆసుపత్రికి చేరినవారి రక్తం నేను రెండుసార్లు చూశాను. ఇద్దరూ చదువుకున్నవారే. చీటీ మీద ‘వారానికి ఒకసారి’ అని ఆంగ్లంలో పొట్టి అక్షరాల్లో రాసి ఉంది. ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో రాసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బీ12 లోపం తెల్లకణాలు తగ్గడానికి మరో పెద్ద కారణం, మన దగ్గర తరచుగా తప్పిపోయే కారణం. మాంసం, గుడ్లు ముట్టనివారు, పాలు పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకొనేవారు, పొట్టలో శోషణ తగ్గిన వృద్ధులు, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు బీ12 లోపానికి లోనుకావచ్చు. ఒక విశ్రాంత పంతులుగారికి టోటల్ కౌంట్ 2,900, హిమోగ్లోబిన్ 6, ప్లేట్‌లెట్లు 80,000 వచ్చాయి. మూడు రకాల కణాలూ తగ్గాయి గనుక బ్లడ్ కేన్సరేనని ఎవరో చెప్పగా, వాళ్లబ్బాయి పొలం బేరం కూడా పెట్టాడు. పలక చూస్తే ఎర్రకణాలు కోడిగుడ్డు ఆకారంలో పెద్దపెద్దగా ఉన్నాయి. న్యూట్రోఫిల్‌లో కేంద్రకం మామూలుగా మూడు నాలుగు తమ్మెలుగా ఉంటుంది, ఆయన కణాల్లో ఆరు, ఏడు తమ్మెలు కనిపించాయి. ఆ సంగతి వైద్యురాలికి చెప్పగానే ఆమె బీ12 పరీక్షకు పంపి, ఇంజక్షన్లు మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి లేత ఎర్రకణాలు ఎగిసిపడ్డాయి, రెండు నెలలకు అన్ని అంకెలూ గీత దాటాయి. పొలం మిగిలింది. అయితే బీ12 సంగతి తేల్చకుండా ఉత్త ఫోలిక్ ఆమ్లం మాత్రలు మింగడం మంచిది కాదు. రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గాని లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. విపరీతంగా జింకు మాత్రలు మింగేవారికి రాగి లోపించి ఇదే స్థితి రావచ్చు. కోవిడ్ తర్వాత ఆ అలవాటు కొందరిలో మిగిలిపోయింది కాబట్టి చెబుతున్నాను.

మన పెద్దవాళ్లు ‘కడుపులో బల్ల’ అనేది ప్లీహం వాపునే. ప్లీహం పెరిగితే అది రక్తకణాలను తన దగ్గరే పట్టి ఉంచుతుంది, నాశనమూ చేస్తుంది. మద్యం వల్లనో హెపటైటిస్ బీ, సీ వల్లనో కాలేయం గట్టిపడ్డవారిలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కలిసి తగ్గడానికి తరచుగా ఇదే కారణం. మద్యం నేరుగా మూలుగను కూడా అణుస్తుంది. ఇరవై ముప్పై ఏళ్ల వయసు స్త్రీకి కీళ్లనొప్పులు, జుట్టు రాలడం, నోటిపుండ్లు, ఎండకు ముఖం ఎర్రబడడంతోపాటు టోటల్ కౌంట్ పదేపదే 4,000 లోపు వస్తుంటే లూపస్ అనే వ్యాధిని తలచుకోవాలి. శరీరం తన కణాలనే పరాయివనుకొని దాడి చేసే జబ్బు అది. కొందరికి పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ తక్కువ. సుమారు 21 రోజులకోసారి పడిపోయి మళ్లీ లేచే అరుదైన రకం కూడా ఉంది, అలాంటి పిల్లలకు దాదాపు మూడు వారాలకోసారి నోరు పూయడం, జ్వరం వస్తుంటాయి. మరికొన్ని జాతులవారిలో, ముఖ్యంగా ఆఫ్రికా, అరబ్ మూలాలున్నవారిలో, ఏ జబ్బూ లేకుండానే ఈ సంఖ్య జీవితాంతం తక్కువగా ఉంటుంది.

అందరూ మొదట భయపడేదాన్ని చివరికి పెట్టాను. మూలుగ ఎండిపోయే అప్లాస్టిక్ అనీమియా, మూలుగ సరైన కణాలను తయారుచేయలేక ఎక్కువగా వృద్ధాప్యంలో వచ్చే ఎండీఎస్, లుకేమియా, వేరే చోటి కేన్సర్ మూలుగకు పాకడం, ఇవన్నీ తెల్లకణాలను తగ్గించగలవు. లుకేమియా అంటే తెల్లకణాలు లక్షల్లో పెరగడమేనని చాలామంది అనుకుంటారు, కాని కొందరిలో మొదటి పరీక్షలో అవి తక్కువగానే ఉంటాయి. వీటిని పట్టిచ్చే సూచనలు సాధారణంగా వేరే ఉంటాయి: ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు కూడా కలిసి తగ్గడం, మెడలోనో చంకలోనో గడ్డలు, కారణం లేని బరువు తగ్గుదల, పలక మీద అపరిపక్వ కణాలు, వారాలు గడిచినా అంకె లేవకపోవడం. ఒక్క తెల్లకణాలే కొద్దిగా తగ్గి, మనిషి కులాసాగా ఉంటే, తరచుగా వైద్యులు చేసేది రెండు మూడు వారాలకు పరీక్ష మళ్లీ చేయించడమే. ఆ ఓపిక లేక నేరుగా మూలుగ పరీక్షకు పరుగెత్తినవారినీ, అంతటి సూచనలున్నా ఆరు నెలలు రసాలు తాగుతూ గడిపినవారినీ చూశాను. రెండోవారి గురించే నా బాధ.

మా వృత్తివారి తప్పు కూడా దాచకూడదు. ఊదారంగు మూత సీసాలో రక్తం పోసి ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేసి కలపకపోతే సన్నటి గడ్డ కట్టి, అందులో కణాలు చిక్కుకుపోతాయి. యంత్రం మిగిలినవాటినే లెక్కిస్తుంది. కలెక్షన్ సెంటరులో ఉదయం తీసిన రక్తం ఎండలో బైకు డబ్బాలో ప్రయాణించి సాయంత్రానికి ప్రధాన ల్యాబుకు చేరేసరికి కణాలు చెడిపోవడం మొదలవుతుంది. కొందరి రక్తంలో గడ్డకట్టకుండా ఆ సీసాలో వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్లనే కణాలు గుంపులు కట్టి తక్కువ చూపుతాయి. అందుకే అనూహ్యంగా తక్కువ వచ్చిన ఏ అంకెనైనా పలక మీద కంటితో చూసి నిర్ధారించకుండా ఇవ్వకూడదని మేము నేర్చుకున్నాం. ఆ నియమం నేడు అన్నిచోట్లా అమలవుతోందని చెప్పలేను.

ఇంత చెప్పాక మీ ద్వారా నేను కోరుతున్నవి పెద్దవేమీ కావు. రిపోర్టులో న్యూట్రోఫిల్స్ శాతం పక్కనే నికర సంఖ్యను కూడా ముద్రించాలని ల్యాబులను కోరుతున్నాను. చాలా యంత్రాలు దాన్ని ఎలాగూ లెక్కిస్తాయి, కాగితం మీద కనబడకుండా చేస్తున్నది మనమే. తెల్లకణాలను పడగొట్టే అవకాశమున్న మందు రాసినప్పుడు హెచ్చరికను తెలుగులో రాయాలని వైద్యులనూ, అదే మాటను మాత్రల పొట్లం మీద రాయాలని మందుల దుకాణాలవారినీ కోరుతున్నాను. వైద్యుణ్ణి కలిసేటప్పుడు తాను మింగుతున్న ప్రతిదాన్నీ, నాటుమందులూ బలం పొడులూ సహా, సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టాలని రోగులను కోరుతున్నాను. మీ ఆరోగ్య పుటకు సైతం ఒక విన్నపం ఉంది. మా అక్క కోలుకొని ఇంటికి వచ్చాక, ఆమెలాగే థైరాయిడ్ మాత్రలు వాడుతున్న మా బంధువుల ఇళ్లలో మందుల డబ్బా మూతల లోపల నేను అతికించిన కాగితం ఒకటుంది. దాన్ని ఈ ఉత్తరంతో యథాతథంగా పంపుతున్నాను. అరచేయంత చోటు చాలు, వీలైతే గళ్లు కట్టి ముద్రించండి:

‘ఈ మాత్ర వాడుతుండగా జ్వరం గాని, గొంతునొప్పి గాని, నోటిపుండ్లు గాని వస్తే, తర్వాతి మాత్ర వేసుకోవద్దు. అదే రోజు రక్తంలో టోటల్ కౌంట్, డిఫరెన్షియల్ కౌంట్ చేయించి, ఆ కాగితం ఈ మాత్ర రాసిన డాక్టరుకు చూపండి. రాత్రయినా, ఆదివారమైనా ఆగవద్దు.’

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
పశ్చిమ గోదావరి జిల్లా